ఆవును అమ్మేసిన తర్వాత

(సొసైటీ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)





కార్యదర్శి గారు ఫోన్ చేసి, "మాస్టారూ, ఈసారి వృద్ధుల సహాయం గురించి మీరే మాట్లాడాలి, ఇరవై నిమిషాలు మించొద్దు" అన్నారు. నేను ముప్పై ఒక్క సంవత్సరాలు హైస్కూళ్లలో డ్రాయింగ్ మాస్టారుగా పనిచేసి రిటైరైన వాణ్ని. వైద్యం తెలియదు. ధార్మిక ప్రసంగం చేసేంత చదువు లేదు. తెలిసిందల్లా బొమ్మలు. అందుకని బొమ్మలు వేసిన ఒక ముసలామె సంగతి చెబుతాను. వృద్ధుల సహాయం అందులోనే వస్తుంది.

ఆమె పేరు ముకర్రమా ఖంబరీ. మక్కా ముకర్రమా అని మనం అంటామే, ఆ ముకర్రమాయే. గౌరవం పొందినది అని అర్థం. ఇరాన్ దేశస్థురాలు. ఇరాన్ అనగానే మనకు ఇసుక, ఎండ గుర్తుకొస్తాయి గానీ ఆమె ఊరు అలాంటిది కాదు. ఆ దేశానికి ఉత్తరాన, కాస్పియన్ సముద్రానికీ అల్‌బుర్జ్ కొండలకూ మధ్య మాజందరాన్ అనే ప్రాంతం ఉంది. వానలు బాగా పడతాయి. వరి పండుతుంది. ఆడవాళ్లు బురదలో వంగి నాట్లు వేస్తారు. మన డెల్టా రైతును తీసుకెళ్లి అక్కడ దింపితే భాష తప్ప మిగతాదంతా తెలిసిన ఊరులాగే ఉంటుంది. ఆ మాజందరాన్‌లో బాబుల్ పట్టణం దగ్గర దరీకందె అనే చిన్న పల్లె ఆమెది. 1928లో పుట్టింది, 2005లో కన్నుమూసింది.

బడి ముఖం చూడలేదు. చదవడం రాయడం రాదు. చిన్న వయసులోనే, ఇష్టం లేదని మొత్తుకుంటున్నా వినకుండా, తనకంటే చాలా పెద్దవాడికి, అప్పటికే సంసారం ఉన్నవాడికి ఇచ్చి చేశారు. సవతి పోరు చూసింది. చాలామంది పిల్లల్ని కన్నది, పెంచింది. పొలం పని, పశువుల పని, ఊళ్లోవాళ్లకు బట్టలు కుట్టడం, పెళ్లికూతుళ్లను ముస్తాబు చేయడం, కాన్పులు చేయడం. ఆ ఊళ్లో ఎవరికి ఏ అవసరం వచ్చినా ముకర్రమాను పిలవాల్సిందే. మన పల్లెల్లోనూ ఇలాంటి ఖాలాలు ఉండేవారు, మీకూ ఒకరిద్దరు గుర్తుకొస్తూ ఉంటారు.

అరవై దాటాయి. భర్త పోయాడు. పిల్లలు పెద్దవాళ్లై ఎవరి దారిన వాళ్లు వెళ్లారు. ఇంట్లో ఆమెకు ఒక ఆవు మిగిలింది. దానికి గడ్డి కోసుకురావాలి, నీళ్లు పెట్టాలి, పాలు తీయాలి. ఒళ్లు సహకరించడం లేదు. అమ్మ ఇంకా ఈ చాకిరీ ఏం చేస్తుందిలే అని పిల్లలు ఆ ఆవును అమ్మేశారు.

చెడు చేయాలని చేసింది కాదు. తల్లికి విశ్రాంతి ఇద్దామని చేశారు. మన ఇళ్లలో మనం చేసేదే.

ఆవు పోయాక ఆమెకు దిక్కు తోచలేదు. పొద్దున్నే లేస్తే చేయడానికి పని లేదు. మాట్లాడటానికి ఎదురుగా ప్రాణి లేదు. ఆ దిగులులో చేతికందిన మట్టితో, పేడతో రాయి మీద గీతలు గీయడం మొదలుపెట్టింది. ఎవరూ నేర్పలేదు, ఎవరూ గీయమనలేదు. పేడతో గోడ అలకడం, అలికినచోట ముగ్గు వేయడం మన పల్లెల ఆడవాళ్ల చేతికి పుట్టుకతో వచ్చే విద్య కదా, పేడను రంగుగా వాడటం మనకేమీ వింత కాదు. ఆమెకు ముగ్గు చాలలేదు. మనుషులు, ఆవులు, చెట్లు, పెళ్లికూతుళ్లు వచ్చారు. రాయి అయిపోయింది, గోడ మొదలైంది. ఒక గోడ అయిపోతే ఇంకొకటి. తలుపులు, వంటిల్లు కూడా వదల్లేదు.

ఇక్కడ ఒక్క నిమిషం నా సంగతి చెప్పుకోవాలి. చెప్పకుండా ముందుకు పోతే ఈ కథ చెప్పే అర్హత నాకు ఉండదు.

మా అబ్బా చనిపోయాక అమ్మీని మార్కాపురం పక్క పల్లె నుంచి నేనుండే టౌనుకు తెచ్చుకున్నాను. ఆమెకు అప్పటికి డెబ్బై దగ్గర పడ్డాయి. జీవితమంతా బొంతలు కుట్టింది. పాత చీరలు, చినిగిన లుంగీలు, పిల్లల చొక్కాలు, ఏదీ పారేయనిచ్చేది కాదు. ఊళ్లో ఎవరింట్లో బిడ్డ పుట్టినా అమ్మీ కుట్టిన బొంత మీదే పడుకోబెట్టేవారు. టౌనుకు వచ్చేటప్పుడు మూడు మూటల గుడ్డ పీలికలు తెచ్చుకుంది. మాది రెండు గదుల అద్దె ఇల్లు. నెల తిరక్కుండానే ఆ మూటలు తీసుకెళ్లి మునిసిపాలిటీ చెత్త బండిలో వేశాను. "ఎందుకమ్మీ కళ్లు పాడుచేసుకోవడం, నేను లేనా" అన్నాను. బజారు నుంచి రెండు కొత్త రజాయిలు తెచ్చిపెట్టాను. తల్లిని ఎంత బాగా చూసుకుంటున్నాడో అని చుట్టుపక్కల వాళ్లు మెచ్చుకున్నారు.

అమ్మీ ఏమీ అనలేదు. ఆ తర్వాత బతికిన నాలుగేళ్లూ మంచం మీద కూర్చుని కొంగు అంచును వేళ్లతో సన్నగా మడత పెట్టేది. విప్పేది. మళ్లీ మడత పెట్టేది. నేను దాన్ని ముసలితనం అనుకున్నాను. "తస్బీహ్ చదువుకో అమ్మీ" అని చెబితే చదువుకునేది. అది అయ్యాక మళ్లీ కొంగు పట్టుకునేది. నేను డ్రాయింగ్ మాస్టార్ని. ఏ రంగు పక్కన ఏ రంగు నిలుస్తుందో జీతం తీసుకుని పిల్లలకు చెప్పేవాణ్ని. మా ఇంట్లో ఆ సంగతి నాకంటే బాగా తెలిసిన మనిషి ఉందని ఆమె పోయిన పదేళ్లకు గాని నాకు తట్టలేదు. ముకర్రమా గురించి ఒక పత్రికలో చదివిన రోజున తట్టింది. ఆవును అమ్మేశారు అన్న వాక్యం దగ్గర ఆగిపోయాను.

సరే, ఆమె దగ్గరికి వద్దాం.

ముకర్రమా కొడుకుల్లో ఒకరికి చిత్రకళతో పరిచయం ఉంది. అతను ఊరికి వచ్చి గోడలు చూశాడు. ఇక్కడ అతను మూడు రకాలుగా ప్రవర్తించి ఉండొచ్చు. గోడలు పాడు చేశావేంటని కసురుకోవచ్చు. లేదా ముసలావిడ పొద్దుపోక గీస్తోందిలే అని నవ్వి ఊరుకోవచ్చు. లేదా, నాలాంటి మాస్టారైతే, "అమ్మా, చేతులు ఇంత పొడుగ్గా ఉండవు, ముక్కు ఇలా గీయాలి" అని దిద్దడం మొదలుపెట్టొచ్చు. అతను ఈ మూడూ చేయలేదు. కాగితాలు, రంగులు తెచ్చి తల్లి ముందు పెట్టాడు.

దిద్దకపోవడం గురించి ఇంకో మాట చెప్పాలి. ముకర్రమా బొమ్మల్లో కళ్లు పెద్దవి. ముఖాలు ఎదురుగా మనల్నే చూస్తుంటాయి. దూరంగా ఉన్న మనిషి చిన్నగా, దగ్గరున్నవాడు పెద్దగా ఉండాలన్న లెక్క ఆమెకు లేదు. ఆమె మనసులో ఎవరు పెద్దో వాళ్లే కాగితం మీద పెద్ద. రంగులు కలిపి మెత్తబరచడం లేదు, ఎరుపంటే ఎరుపే, పసుపంటే పసుపే. నా క్లాసులో ఏ పిల్లవాడైనా అలా వేసి తెస్తే నేను మార్కులు తగ్గించేవాణ్ని. ముప్పై ఒక్క ఏళ్లలో ఎంతమందికి తగ్గించానో అల్లాహ్‌కే తెలియాలి.

ఏం వేసింది? చిన్నప్పటి నుంచి చెవిన పడ్డ కథలన్నీ. ఆదమ్ హవ్వాల కథ, యూసుఫ్ అలైహిస్సలాం కథ, షానామాలో వీరుల కథలు. వీటితో పాటు తన కథ. బలవంతపు పెళ్లి, ముస్తాబైన పెళ్లికూతురు, పక్కన పెద్ద వయసు మగవాడు, సవతులు, పొలాల్లో ఆడవాళ్లు. నలభై యాభై ఏళ్లు ఎవరికీ చెప్పని సంగతులు. రాయడం వచ్చి ఉంటే రాసేదేమో. రాదు కాబట్టి గీసింది.

1995లో టెహ్రాన్‌లోని సైహూన్ గ్యాలరీలో ఆ బొమ్మల్ని ప్రదర్శనకు పెట్టారు. ఇరాన్ ఆధునిక చిత్రకారుల్లో పేరున్నవాళ్ల పనులు పెట్టే చోటు అది. 1999లో ఇబ్రాహీం ముఖ్తారీ అనే దర్శకుడు ఆమె మీద డాక్యుమెంటరీ సినిమా తీశాడు. దాని పేరుకు అర్థం ముకర్రమా జ్ఞాపకాలు, కలలు. 2001లో స్వీడన్ రాజధాని స్టాక్‌హోమ్‌లో జరిగిన ఇరానీ మహిళల అధ్యయన సదస్సులో ఆమెను సత్కరించారు. ఇప్పుడు ఆమె బొమ్మలేసిన ఆ ఇంటినే చూడటానికి జనం ఆ పల్లెకు వెళతారు. ఆవు పోయిందని ఏడ్చిన ఇల్లు అది.

పేరు రావడం గురించి నేను ఎక్కువ చెప్పను. అది అందరికీ రాదు, రావాలని లేదు. ఆమెకు రంగులు తెచ్చిచ్చిన కొడుకు కూడా టెహ్రాన్ గ్యాలరీని చూసి తెచ్చి ఉండడు.

ఇంకొకాయన సంగతి క్లుప్తంగా చెబుతాను, దాతలకు అందులో వేరే విషయం ఉంది. అమెరికాలో అలబామా రాష్ట్రం. బిల్ ట్రేలర్ అనే నల్లజాతి మనిషి. 1853 ప్రాంతంలో బానిసగా పుట్టాడు, తెల్లవాడి తోటలో. యజమాని ఇంటిపేరే ఇతని ఇంటిపేరు. బానిసత్వం రద్దయ్యేనాటికి పన్నెండేళ్ల వాడు. ఆ తర్వాత జీవితమంతా వ్యవసాయం, కూలి. డెబ్బై దాటాక మాంట్‌గోమరీ పట్టణానికి వచ్చాడు. కీళ్ల జబ్బుతో పని చేయలేకపోయాడు. రాత్రిళ్లు అంత్యక్రియల సామాను దుకాణం వెనక గదిలో పడుకునేవాడు, పగలు మన్రో వీధిలో పేవ్‌మెంట్ పక్కన ఒక పెట్టె మీద కూర్చునేవాడు. 1939లో, ఎనభై అయిదేళ్ల వయసులో, చిన్న పెన్సిల్ ముక్కతో అట్టముక్క మీద గీతలు గీస్తుంటే చార్లెస్ షానన్ అనే కుర్ర చిత్రకారుడు చూశాడు. రోజూ వచ్చి పక్కన కూర్చునేవాడు. పెన్సిళ్లు, పోస్టర్ రంగులు, శుభ్రమైన కొత్త అట్టలు తెచ్చి ఇచ్చాడు.

ట్రేలర్ రంగులు తీసుకున్నాడు. కొత్త అట్టలు మాత్రం ఆయనకు అంతగా నచ్చలేదు. మరకలు పడ్డవి, మూలలు చిరిగినవి, దుకాణాల వాళ్లు పారేసినవే ఆయనకు ఇష్టం. ఆ మరకను, ఆ చిరుగును చూసుకుని బొమ్మ వేసేవాడు. షానన్ వద్దనలేదు. ఏది కావాలంటే దాని మీద వేయనిచ్చాడు. మూడేళ్లలో వెయ్యికి పైగా బొమ్మలు. గాడిదలు, కుక్కలు, టోపీ పెట్టుకున్న మగవాళ్లు, గొడుగు పట్టుకున్న ఆడవాళ్లు, కర్ర పట్టుకుని ఒకర్నొకరు తరుముకునే మనుషులు.

ఇంతవరకు బాగుంది. తర్వాతే చిక్కు. 1942లో న్యూయార్క్ ఆధునిక కళా మ్యూజియం డైరెక్టర్ ఆ బొమ్మల్లో పదహారు ఏరుకుని, చిన్నదానికి ఒక డాలరు, పెద్దదానికి రెండు డాలర్ల చొప్పున చెక్కు పంపాడు. షానన్‌కు అది అవమానంగా తోచి చెక్కు తిప్పి పంపి బొమ్మలు వెనక్కి తెచ్చుకున్నాడు. కోపం న్యాయమైనదే. కానీ ఆ డాలర్లు కూడా ముసలాయన చేతికి రాలేదు. ట్రేలర్ 1949లో చనిపోయాడు. బొమ్మలు ముప్పై ఏళ్లు షానన్ ఇంట్లోనే పెట్టెల్లో ఉన్నాయి. తర్వాత వాటికి విలువ వచ్చింది, విలువతో పాటు వివాదమూ వచ్చింది. ట్రేలర్ వారసులు కోర్టుకు వెళ్లారు, చివరికి రాజీ కుదిరింది. 2020లో ఒక్క బొమ్మ అయిదు లక్షల డాలర్లకు పైగా పలికింది. ఆయన సమాధికి పేరు చెక్కిన రాయి 2018 దాకా లేదు.

షానన్‌ను తప్పుబట్టడానికి నేను ఇది చెప్పడం లేదు. ఆయన లేకపోతే ఆ బొమ్మలు వీధిలోనే పోయేవి. కానీ సాయం చేసేవాడు చేతిలో రంగులు పెట్టేటప్పుడే, ఈ బొమ్మ ఎవరిది, అమ్ముడైతే డబ్బు ఎవరికి అన్నది తేల్చుకోవాలి. మంచివాడు కదా, తర్వాత చూసుకోవచ్చులే అనుకుంటే మంచివాడి ఇంట్లోనే తగువు పుడుతుంది. జమాఖర్చులు రాసే మన కోశాధికారి గారికి ఈ మాట బాగా అర్థమవుతుంది.

లేటు వయసులో బొమ్మలు మొదలుపెట్టినవాళ్లలో మన రవీంద్రనాథ్ టాగూర్ కూడా ఉన్నారు. రాతప్రతుల్లో కొట్టేసిన మాటల్ని గీతలతో కలుపుతూ పోయి, అరవై దాటాక చిత్రకారుడయ్యారు. 1930లో పారిస్‌లో ప్రదర్శన జరిగింది. ఆయన్ను పక్కన పెడుతున్నాను. ఆయనకు కాగితం, కలం, తీరిక, పేరు అన్నీ ముందే ఉన్నాయి. మన సొసైటీ లిస్టులో ఉన్నవాళ్లకు అవి లేవు.

ఆ లిస్టు సంగతికే వస్తున్నాను. మనం వృద్ధ వితంతువులకు నెలనెలా బియ్యం, పప్పు, నూనె ఇస్తున్నాం. రంజాన్‌లో కిట్లు, చలికాలంలో దుప్పట్లు, కంటి ఆపరేషన్లకు ఖర్చులు ఇస్తున్నాం. ఇది చిన్న పని కాదు. కడుపు నిండని మనిషికి రంగుపెన్సిల్ ఇచ్చేవాడు మూర్ఖుడు. నేను ఆ మూర్ఖత్వం అడగడం లేదు.

అయితే మన సర్వే ఫారం ఒకసారి తీసి చూడండి. పేరు, వయసు, భర్త చనిపోయిన సంవత్సరం, పిల్లలు ఎంతమంది, చూసుకుంటున్నారా లేదా, రేషన్ కార్డు, పెన్షన్, బీపీ, షుగర్, చూపు. రెండు పేజీలు. ఆ రెండు పేజీల్లో "మీకు ఏ పని వచ్చు?" అని అడిగే గడి ఒక్కటి లేదు. ఆమె దగ్గర ఏమేమి లేవో అన్నీ రాసుకుంటున్నాం. ఉన్నది అడగడం లేదు. ఆ ఫారం తయారుచేసిన ముగ్గురిలో నేనూ ఒకణ్ని.

పోయిన చలికాలం దుప్పట్లు పంచడానికి వెళ్లినప్పుడు ఒక పని చేశాను. కార్యవర్గానికి చెప్పలేదు, ఇప్పుడు అందరి ముందూ ఒప్పుకుంటున్నాను. నా సొంత డబ్బుతో అయిదు డ్రాయింగ్ పుస్తకాలు, క్రేయాన్ పెట్టెలు కొని, నాకు బాగా తెలిసిన అయిదు ఇళ్లలో ఇచ్చాను. ఫలితం ఉన్నది ఉన్నట్టు చెబుతాను. ఇద్దరు తీసుకెళ్లి మనవలకిచ్చారు. ఒకావిడ, "ఏం మాస్టారూ, ఈ వయసులో నన్ను ఒకటో క్లాసులో కూర్చోబెడతావా" అని నా మొహానే నవ్వేసింది. తర్వాత కాస్త తగ్గి, "ఇవి కాదుగానీ, సూది దారం తేగలవా, మా నానీ నేర్పిన కసీదా కుట్టు చేతికింకా గుర్తుంది" అంది. అంటే నేను ఇచ్చింది తప్పు వస్తువు. ముందు అడగాల్సింది. నాలుగో ఆమె పుస్తకం తెరవలేదు. దిండు కింద దాచుకుంది. ఎందుకో నేను అడగలేదు, ఆమె చెప్పలేదు.

అయిదో ఆమె వేసింది. ఎన్నో ఏళ్లు బీడీలు చుట్టి వేళ్లు వంకరపోయిన చేతులు. క్రేయాన్‌ను పిడికిట్లో పట్టుకుని వేసింది. పుట్టింటి ఊళ్లో చేదబావి. చుట్టూ ఆడవాళ్లు, బిందెలు, గట్టు మీద ఒక పిల్ల. ఆ పిల్ల తనేనట. నాలుగు రోజుల తర్వాత వెళితే ఆ కాగితం చింపేసి ఉంది. ఇంట్లో మనుషుల బొమ్మలేమిటి, బరకత్ పోతుంది, మలాయికా రారు అని అల్లుడు అన్నాడట.

ఇక్కడున్న పెద్దల్లో కొందరి మనసులోనూ ఇదే ప్రశ్న ఉందని నాకు తెలుసు. మొదటి నుంచీ మాట్లాడకుండా వింటున్నారు, అది మీ మర్యాద. ప్రాణం ఉన్నవాటి బొమ్మల విషయంలో మన ఉలమాల్లో వేర్వేరు అభిప్రాయాలున్నాయి. చాలామంది కూడదంటారు. కొందరు విగ్రహాలకూ కాగితం మీద బొమ్మకూ తేడా చూపిస్తారు. ఇరాన్‌లో పుస్తకాల్లో మనుషుల బొమ్మలు వేసే సంప్రదాయం శతాబ్దాలుగా ఉంది, అక్కడి పల్లె మనిషి ముకర్రమా అందులో పుట్టి పెరిగింది. నేను ఫత్వా చెప్పేవాణ్ని కాను. ఆ అల్లుడిని తప్పుబట్టలేదు కూడా, అతను తన అఖీదా ప్రకారం మాట్లాడాడు. ఆమెతో మాత్రం, "మనుషులు వద్దంటే వద్దు, బావి వేసుకోవచ్చు కదా ఖాలా" అన్నాను.

మళ్లీ వేసింది. ఈసారి బావి ఉంది, గిలక ఉంది, బిందెలు ఉన్నాయి, వేపచెట్టు ఉంది. మనిషి లేరు. కానీ గిలక మీంచి వచ్చే చేదతాడు బిగుతుగా, ఏటవాలుగా లాగినట్టుంది. కాగితం అంచు దాకా వచ్చి అక్కడ ఆగింది. లాగేవాళ్లు కాగితం బయట ఉన్నారన్నమాట. ముప్పై ఒక్క ఏళ్లు పాఠం చెప్పినవాణ్ని, నాకు ఆ ఉపాయం తట్టేది కాదు. ఆ కాగితాన్ని అల్లుడే గోడకు అంటించాడు.

కాబట్టి నేను దాతలను, కార్యవర్గాన్ని అడిగేది పెద్ద పథకం కాదు. ఆ ఫారంలో ఒక గడి కలపండి. ఆ గడిలో వచ్చిన జవాబును బట్టి, సంవత్సరానికి ఒక్కొక్కరికి కొద్దిపాటి సొమ్ము సామానుకు కేటాయించండి. సూదులు, దారాలు, గుడ్డలు, పూసలు, రంగులు, ఖుష్‌ఖతీ కలాలు, పూలమొక్కల కుండీలు, ఆమె ఏది అడిగితే అది. పోటీలు పెట్టొద్దు, ఫస్ట్ ప్రైజులొద్దు, నేర్పడానికి నాలాంటి మాస్టార్లను పంపొద్దు. తయారైనది ఎవరైనా కొంటే డబ్బు మొత్తం ఆమెదే అని ముందే కాగితం మీద రాసుకోవాలి. ఆమె అమ్మనంటే అమ్మొద్దు. పుస్తకం దిండు కింద దాచుకుంటే అక్కడే ఉండనివ్వండి, లెక్క అడగొద్దు. ఈ ఖర్చు జకాత్ పద్దులోంచి తీయమని నేను అడగడం లేదు, అది ముఫ్తీ సాహెబ్‌ను అడిగి తేల్చుకోవాల్సిన విషయం. సదఖా పద్దులోంచి ఇస్తే చాలు. మొదటి సంవత్సరం ఖర్చుకు నా ఒక నెల పెన్షన్ ఇస్తున్నాను, కోశాధికారి గారు రసీదు రాయాలి.

అల్లుళ్లు, కొడుకులు ఇక్కడ చాలామంది ఉన్నారు. ఇంటికెళ్లాక మీ అమ్మీ మంచం కింద మూటలేమైనా ఉంటే ఈ రాత్రికి వాటి జోలికి పోకండి.

ఇరవై నిమిషాలు దాటాయని కార్యదర్శి గారు గడియారం చూపిస్తున్నారు. ఒక్క మాట చెప్పి దిగిపోతాను. మా అమ్మీ బొంతల్లో ఒకటి మిగిలింది. మా చెల్లెలి మొదటి కాన్పుకు కుట్టినది, ఇన్నాళ్లూ వాళ్ల అత్తగారింట్లో ఇనప్పెట్టెలో పడి ఉంది. చెల్లెల్ని అడిగి తెచ్చాను. బయట భోజనాల హాలు గుమ్మం పక్కన బల్ల మీద పరిచాను. మధ్యలో ఆకుపచ్చ ముక్క మా అబ్బా లుంగీ, అంచున ఎర్రది నా స్కూలు చొక్కా. చూడండి, చేత్తో ముట్టుకోండి. ఎడమ మూల మాత్రం లాగొద్దు, అక్కడ కుట్టు వదులైంది.